తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తిరగబడ్డ ఆట: ఒక వాక్, ఒక స్టీల్, ఎనభై ఆరేళ్ల ఎగతాళి

2025 నవంబర్ 1 రాత్రి టొరంటోలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌ను తేల్చే తుది సిరీస్) ఏడో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక అవుట్ పోయింది, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఇంకా ఒక రన్ వెనకబడే ఉంది. మరో రెండు అవుట్లు పడితే కప్పు టొరంటోది. అప్పుడు బ్యాటింగ్ వరుసలో ఆఖరివాడైన మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి, అంటే బంతిని మైదానం అవతలికి కొట్టి, స్కోరు సమం చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ ఇంకొకటి కొట్టడంతో డాడ్జర్స్ 5–4తో గెలిచింది. ఆ జట్టు మేనేజర్ (ప్రధాన కోచ్ లాంటివాడు) డేవ్ రాబర్ట్స్. ఇరవై ఒక్కేళ్ల కిందట, ఇలాంటి తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనే, బ్యాట్ పట్టకుండా బంతి ముట్టకుండా ఒక్క పరుగుతో ఒక సిరీస్ దిశనే మార్చిన ఆటగాడు ఆయనే.

అమెరికాలో ఉన్న పిల్లల వల్లనో బంధువుల వల్లనో ఈమధ్య బేస్‌బాల్ చూడడం మొదలుపెట్టిన తెలుగువాళ్లకు ఇలాంటి మ్యాచ్‌ల తర్వాత రెండు సందేహాలు వస్తుంటాయి. అయిపోయిందనుకున్న ఆట ఎలా తిరగబడుతుంది? అవతలి జట్టు అభిమానులు దాన్ని ఇరవై ఏళ్లయినా ఎందుకు మరిచిపోరు? రెండింటికీ జవాబు దొరికే మ్యాచ్ 2004 అక్టోబర్ 17న బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో మొదలై, తేదీ మారాక అర్ధరాత్రి దాటి 1.22కు ముగిసింది.

క్లుప్తంగా

బేస్‌బాల్‌లో గడియారం లేదు, ఖర్చయ్యేవి అవుట్లు మాత్రమే. అందుకే చివరి అవుట్ పడేదాకా లోటు పూడ్చుకునే దారి మూసుకుపోదు. 2004లో బోస్టన్ రెడ్ సాక్స్ కోలుకోవడానికి పెద్ద హిట్ల కంటే ముందు పనికొచ్చినవి ఒక వాక్, ఒక బేస్ స్టీల్, న్యూయార్క్ యాంకీస్ బౌలింగ్ దళం మీద పడిన బరువు. అభిమానుల సంగతికొస్తే, న్యూయార్క్ వాళ్లు ఆ వారం ఒక సిరీస్‌తోపాటు ఎనభై ఆరేళ్లుగా చేతిలో ఉన్న ఎగతాళిని కూడా పోగొట్టుకున్నారు.

బంతుల లెక్క కాదు, అవుట్ల లెక్క

టీ20లో చివరి ఓవర్‌కు 40 పరుగులు కావాలంటే ఆట అక్కడితో అయిపోయినట్టే. కబడ్డీలో ముందంజలో ఉన్న జట్టు చివరి నిమిషాల్లో ఖాళీ రెయిడ్లతో సమయం కరిగించుకోవచ్చు. బేస్‌బాల్‌లో ఈ రెండూ కుదరవు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్‌లు, ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు, మొత్తం 27. అప్పటికీ స్కోరు సమంగా ఉంటే అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. బ్యాటింగ్ చేసే చోటు పేరు హోమ్. అక్కణ్నుంచి మూడు బేస్‌లు వరుసగా తాకి తిరిగి హోమ్‌కు చేరితే ఒక రన్. ఇరవై ఏడో అవుట్ పడనంత వరకు బ్యాటింగ్ జట్టు ఎన్ని రన్‌లైనా చేయవచ్చు. ఆధిక్యంలో ఉన్న జట్టు ఆటను సాగదీసి తప్పించుకోలేదు. బంతి వేసి ఆ అవుట్లు సంపాదించుకోవాల్సిందే.

అలాగని ఇలాంటివి తరచూ జరగవు. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో, అంటే ఆతిథ్య జట్టు చివరి బ్యాటింగ్ వంతులో, ఒక రన్ ఆధిక్యంలో ఉన్న జట్టు నూటికి 80కి పైగా మ్యాచ్‌లు గెలుస్తుంది. మూడు రన్‌ల ఆధిక్యమైతే ఓటమి నూటికి నాలుగైదుకు మించదు. దారి తెరిచి ఉన్నా చాలా ఇరుకు. ఆ ఇరుకు దారికి కాపలాగా పెట్టే పిచర్‌నే (బంతి వేసే ఆటగాడినే) క్లోజర్ అంటారు.

ఆ రాత్రికి ముందు

అమెరికన్ లీగ్ ఫైనల్ అది, ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్‌కు వెళ్తారు. మొదటి మూడూ యాంకీస్ గెలిచింది: 10–7, 3–1, 19–8. అప్పటిదాకా మేజర్ లీగ్ బేస్‌బాల్ చరిత్రలో 0–3తో వెనకబడి సిరీస్ గెలిచిన జట్టు లేదు. ఆ తర్వాత కూడా ఇంకొకటి రాలేదు. 2020లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ 3–3 దాకా లాగి, ఏడో మ్యాచ్‌లో ఓడింది.

19–8 మ్యాచ్‌లో ఎవరూ పెద్దగా గమనించని ఒక నిర్ణయం జరిగింది. మరునాడు స్టార్టర్‌గా, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌గా, దిగాల్సిన బోస్టన్ ఆటగాడు టిమ్ వేక్‌ఫీల్డ్, ఓడిపోతున్న ఆటలో తానే బంతి తీసుకుని మూడుకు పైగా ఇన్నింగ్స్ వేశాడు. తన వంతు వదులుకున్నాడు. దాంతో మిగతా రిలీఫ్ పిచర్ల (స్టార్టర్ తర్వాత వచ్చేవాళ్ల) చేతులకు విశ్రాంతి దొరికింది. నాలుగో మ్యాచ్ పన్నెండు ఇన్నింగ్స్, ఐదోది పద్నాలుగు ఇన్నింగ్స్ సాగాక దాని విలువ తెలిసింది. ఈ సిరీస్ కథలో వేక్‌ఫీల్డ్ పేరు ఇంకా పైన ఉండాల్సింది.

రివెరా: తలుపు దగ్గర మనిషి

నాలుగో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 4–3 ముందంజలో ఉండగా మరియానో రివెరా వచ్చాడు. కెరీర్ మొత్తంలో 652 సేవ్‌లు (చివర్లో వచ్చి ఆధిక్యం కాపాడిన మ్యాచ్‌లు), ప్లేఆఫ్స్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌లకు ఇచ్చిన రన్‌ల సగటు 0.70, 2019లో ఒక్క ఓటు కూడా తగ్గకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. ఆయన ఆయుధం దాదాపు ఒక్కటే: కట్టర్. బ్యాట్‌కు చేరే చివరి క్షణంలో ఎడమచేతి బ్యాటర్ ఒంటివైపు కొద్దిగా తిరిగే వేగమైన బంతి. అది బ్యాట్ మధ్యలో తగలదు, పిడి దగ్గర తగులుతుంది. ఎడమచేతివాళ్ల బ్యాట్లు ఆయన ముందు విరిగేవి.

సాధారణంగా క్లోజర్ ఒక్క ఇన్నింగ్స్ వేస్తాడు. ఆ రాత్రి రివెరాను రెండు ఇన్నింగ్స్‌లకు దింపారు. సిరీస్ ముగించే అవకాశం ఉన్నప్పుడు అది తప్పు లెక్క కాదు, ఆయన ఇలాంటివి ఎన్నో గెలిపించాడు. కాకపోతే పని పూర్తికాకుండా స్కోరు సమమైతే ఆ రెండు ఇన్నింగ్స్‌ల బరువు మర్నాటి మ్యాచ్ మీద పడుతుంది.

మొదటి తప్పు: వాక్

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్ కెవిన్ మిల్లార్. పిచర్ సరైన పరిధి బయట నాలుగు బంతులు వేస్తే బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితం, దాన్నే వాక్ అంటారు. మిల్లార్‌కు అదే దొరికింది. ఒక రన్ ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్స్ వేస్తున్న పిచర్ మొదటి బ్యాటర్‌కు వాక్ ఇవ్వడం క్రికెట్‌లో చివరి ఓవర్ మొదటి బంతినే నోబాల్ వేయడం కంటే ఖరీదైన తప్పు. నోబాల్‌తో పోయేది ఒక పరుగు, ఒక ఫ్రీ హిట్. ఇక్కడ ఒక్క అవుట్ కూడా ఖర్చు కాకుండా సమం చేయాల్సిన రన్ మైదానంలో నిలబడుతుంది.

మిల్లార్‌ది నెమ్మది నడక. అతని స్థానంలో పరుగెత్తడానికి మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా డేవ్ రాబర్ట్స్‌ను పంపాడు. జూలై 31న, ఆటగాళ్ల బదిలీ గడువు రోజున, డాడ్జర్స్ నుంచి రాబర్ట్స్‌ను తెచ్చుకున్నది సరిగ్గా ఇలాంటి ఒక్క క్షణం కోసం. ఆ సీజన్‌లో 41 సార్లు స్టీల్‌కు ప్రయత్నించి 38 సార్లు గెలిచాడు.

మూడున్నర సెకన్ల పందెం

బేస్ స్టీల్ అంటే పిచర్ బంతి వదిలే కదలికలోకి వెళ్లగానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరుగెత్తడం. బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ బంతి అందుకుని రెండో బేస్‌కు విసురుతాడు. బంతితో ఫీల్డర్ తాకేలోపు రన్నర్ బేస్ ముట్టాలి. కొలతలు చూస్తే పందెం ఎంత సన్నటిదో అర్థమవుతుంది.

పిచర్ నుంచి బ్యాటర్ దగ్గరికి 60 అడుగుల 6 అంగుళాలు, క్రికెట్ పిచ్ కంటే ఐదున్నర అడుగులు తక్కువ. బేస్‌కు బేస్‌కు మధ్య 90 అడుగులు. హోమ్ నుంచి రెండో బేస్‌కు ఐమూలగా 127 అడుగుల పైచిలుకు. పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా మామూలుగా 1.3 సెకన్లు. గ్లవ్ నుంచి రెండో బేస్‌కు మంచి క్యాచర్ చేతిలో 2 సెకన్లు. మొత్తం 3.3. రన్నర్ ముందుగానే పది పన్నెండు అడుగులు బేస్ వదిలి నిలబడతాడు గనుక, మిగిలిన దాదాపు 78 అడుగులు అంతలోపు దాటాలి. పిచర్ భుజం కదిలిందని గుర్తించడంలో సెకనులో పదో వంతు ఆలస్యమైనా అవుటే. తొందరపడి ముందే కదిలితే పిచర్ హోమ్‌కు వేయకుండా మొదటి బేస్‌కు విసిరి పట్టేస్తాడు.

రివెరా ఆ పని మూడుసార్లు చేశాడు. రాబర్ట్స్ మొదటి బేస్ దగ్గర ఒక్కో అడుగూ పక్కకు జరిగాడు. బంతి మొదటి బేస్‌కు వచ్చింది, వెనక్కి దూకాడు. లేచి మళ్లీ జరిగాడు, మళ్లీ బంతి. మూడోసారీ అంతే. యాంకీస్ ఉద్దేశం అతన్ని బేస్‌కు అంటిపెట్టుకునేలా చేయడం. ఫలితం తిరగబడింది. చాలాసేపు బెంచీ మీద కూర్చుని చల్లబడ్డ కాళ్లకు ఆ మూడు త్రోలూ వేడి పుట్టించాయని, బెదురు పోయిందని రాబర్ట్స్ తర్వాత చెప్పాడు. స్టేడియంలో అందరికీ తెలుసు అతను పరుగెత్తుతాడని. బిల్ ముల్లర్‌కు వేసిన మొదటి బంతికే పరుగెత్తాడు. క్యాచర్ హోర్హే పొసాడా త్రో బాగానే వచ్చింది. డెరెక్ జీటర్ గ్లవ్ కిందికి వచ్చేసరికి, తల ముందుకు పెట్టి దూకిన రాబర్ట్స్ చెయ్యి బేస్ మీద ఉంది. తేడా అంగుళాల్లోనే.

సాహసమా, లెక్కా?

దీన్ని తెగింపు అనుకోవడం సులువు. పాత మ్యాచ్‌ల రికార్డుల నుంచి తీసిన సంభావ్యతలు వేరే మాట చెబుతాయి. అవుట్లేమీ పడకుండా మొదటి బేస్‌పై రన్నర్ ఉంటే ఆ ఇన్నింగ్స్‌లో కనీసం ఒక రన్ వచ్చే అవకాశం నూటికి సుమారు 43. రెండో బేస్‌పై ఉంటే 62. స్టీల్ విఫలమై, ఒక అవుట్ పడి, బేస్‌లు ఖాళీ అయితే 16. ఈ మూడు అంకెలతో లెక్కిస్తే నూటికి 60 సార్లు బేస్ చేరగల రన్నర్ ఉన్నా స్టీల్‌కు వెళ్లడం గిట్టుబాటే. రాబర్ట్స్ సఫలత 93 శాతం.

పాతకాలపు పద్ధతి ఇంకొకటుంది: బ్యాటర్ బంతిని మెల్లగా ముందుకు నెట్టి, తాను అవుటై, రన్నర్‌ను రెండో బేస్‌కు చేర్చడం. దాన్ని బంట్ అంటారు. అది సఫలమైనా ఒక అవుట్ ఖర్చయి రన్ అవకాశం నూటికి 40 దగ్గరే ఆగుతుంది, చేయకముందు ఉన్నదానికంటే కాస్త తక్కువ. స్టీల్‌లో అవుట్ ఖర్చు లేదు. అవుట్లే పెట్టుబడి అయిన ఆటలో అసలు తేడా ఇదే.

అప్పుడు బ్యాట్ పట్టిన ముల్లర్ కూడా మామూలువాడు కాదు. అతను రెండు చేతుల బ్యాటర్, 2003లో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ సగటులో మొదటివాడు, 2004 జూలై 24న ఇదే మైదానంలో ఇదే రివెరా మీద మ్యాచ్ గెలిపించిన హోమ్ రన్ కొట్టినవాడు. ఆ రాత్రి అతను కొట్టిన బంతి రివెరా పక్కనుంచే మధ్యలోంచి దూసుకెళ్లింది. రాబర్ట్స్ మూడో బేస్ చుట్టి హోమ్‌కు చేరాడు. 4–4. మొదటి బేస్‌పై రన్నర్ ఉండి ఇదే హిట్ పడితే స్కోరు సమమయ్యేది కాదు.

మిగిలిన బరువు ఎవరి మీద పడింది

పన్నెండో ఇన్నింగ్స్‌కు రివెరా లేడు, టామ్ గోర్డన్ కూడా రెండు ఇన్నింగ్స్ వేసి వెళ్లిపోయాడు. బంతి పాల్ క్వాంట్రిల్ చేతికొచ్చింది. మానీ రమిరెజ్ సింగిల్ (మొదటి బేస్‌కు చేర్చే హిట్), డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్. 6–4. ఐదు గంటల రెండు నిమిషాల ఆట.

పదహారు గంటలు గడిచేలోపే ఐదో మ్యాచ్ మొదలైంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ మళ్లీ 4–2 ముందంజ. గోర్డన్ వరుసగా రెండో రోజు బంతి పట్టాడు. ఓర్టిజ్ హోమ్ రన్, మిల్లార్‌కు మళ్లీ వాక్, మళ్లీ రాబర్ట్స్ బదులు రన్నర్‌గా, ట్రాట్ నిక్సన్ సింగిల్. రివెరా వచ్చేసరికి మొదటి, మూడో బేస్‌లపై రన్నర్లు, ఒక్క అవుట్ లేదు. జేసన్ వారిటెక్ ఎత్తుగా కొట్టిన బంతిని క్యాచ్ పట్టినా, ఆ వెంటనే మూడో బేస్ నుంచి పరుగెత్తి రాబర్ట్స్ హోమ్‌కు చేరాడు, మళ్లీ సమం. పద్నాలుగో ఇన్నింగ్స్‌లో ఓర్టిజ్ సింగిల్‌తో 5–4. ఈ మ్యాచ్ రాత్రి పదకొండు లోపు ముగిసింది గనుక, అర్ధరాత్రి దాటాక వచ్చిన గెలుపూ ఇదీ ఒకే తేదీన పడ్డాయి: అక్టోబర్ 18.

తెలుగు పాఠకులకు బాగా తెలిసిన పోలిక 2001 మార్చి కోల్‌కతా టెస్టు. ఫాలో ఆన్ ఆడించిన ఆస్ట్రేలియా బౌలర్లు విశ్రాంతి లేకుండా మళ్లీ బౌలింగ్‌కు దిగారు. నాలుగో రోజంతా హైదరాబాద్ లక్ష్మణ్, ద్రవిడ్ ఒక్క వికెట్ పడనివ్వలేదు. అక్కడ 281 పరుగుల గొప్పతనం ఎంత ఉందో అలసిన భుజాల పాత్రా అంత ఉంది. బోస్టన్‌లోనూ అంతే. ముందు రోజు ముగియని పని మర్నాడు అదే చేతుల మీద పడింది. ఆ తర్వాత న్యూయార్క్‌లో బోస్టన్ 4–2, 10–3తో గెలిచింది. అటుపై వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్‌ను 4–0తో ఓడించింది.

నేటి నిబంధనల్లో ఇదే సన్నివేశం

2023 నుంచి ఒక బ్యాటర్ ఆడుతున్నంతసేపు పిచర్ రెండుసార్లు మాత్రమే రన్నర్ కోసం ఆగడమో బేస్‌కు విసరడమో చేయవచ్చు. మూడోసారి విసిరి రన్నర్‌ను అవుట్ చేయలేకపోతే బాక్, అంటే రన్నర్‌కు తర్వాతి బేస్ ఉచితం. రివెరా మూడో త్రో ఈనాడైతే రాబర్ట్స్ నడుచుకుంటూ రెండో బేస్‌కు వెళ్లేవాడు. బేస్ పలకల వెడల్పునూ 15 అంగుళాల నుంచి 18కి పెంచారు. దాంతో మొదటి, రెండో బేస్‌ల మధ్య దూరం నాలుగున్నర అంగుళాలు తగ్గింది. 2022 సీజన్‌లో 2,486 స్టీల్స్ ఉంటే 2023లో 3,503 అయ్యాయి. చివరి ఇన్నింగ్స్‌లో ఒక రన్ ఆధిక్యం ఇదివరకటంత భద్రం కాదు.

న్యూయార్క్ చేతిలోని ఎగతాళి

అభిమానుల స్పందన అర్థం కావాలంటే 1918కి వెళ్లాలి. రెడ్ సాక్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది ఆ ఏడాదే. 1919 చివర్లో ఆ జట్టు బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు యాంకీస్‌కు అమ్మేసింది. అక్కణ్నుంచి 2004 నాటికి న్యూయార్క్ 26 టైటిళ్లు గెలిచింది, బోస్టన్ సున్నా. రూత్ ముద్దుపేరుతో ఈ లోటును ‘బాంబినో శాపం’ అనడం వాడుకైంది. యాంకీ స్టేడియంలో ‘నైన్‌టీన్ ఎయిటీన్’ అని వేల గొంతులు లయగా అరిచేవి. బోస్టన్ స్టారో డ్రైవ్ రోడ్డు మీద మలుపును సూచించే ‘రివర్స్ కర్వ్’ బోర్డును ఎవరో రంగు పూసి ‘రివర్స్ ద కర్స్’గా మార్చారు, అంటే శాపాన్ని తిప్పికొట్టమని. అది చాలాకాలం అలాగే ఉండిపోయింది.

2003లో ఇదే దశలో, ఏడో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5–2 ముందంజలో ఉండి బోస్టన్ ఓడిపోయింది. పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ కొట్టిన హోమ్ రన్ దెబ్బ అది. 2004 సెప్టెంబర్‌లో యాంకీస్ చేతిలో ఓడాక బోస్టన్ పిచర్ పెడ్రో మార్టినెజ్ వాళ్లను తన ‘డాడీ’ అని ఒప్పుకున్నాడు. అక్టోబర్‌లో అతను న్యూయార్క్‌లో బంతి పట్టగానే ‘నీ డాడీ ఎవరు’ అని స్టేడియం మొత్తం పాట కట్టింది. ఎగతాళికి పదును రావాలంటే అవతలివాడి గాయం నిజమైనదై ఉండాలి. ఇక్కడ ఆ గాయానికి ఎనభై ఆరేళ్లు.

పట్టు జారినప్పుడు

ఆరో మ్యాచ్‌లో ఆ పట్టు జారడం స్టేడియంలోనే కనిపించింది. మార్క్ బెల్‌హార్న్ కొట్టిన బంతి స్టాండ్‌లో ప్రేక్షకుడికి తగిలి వెనక్కి వచ్చింది. మొదట హోమ్ రన్ కాదన్న అంపైర్లు కలిసి మాట్లాడుకుని అవునన్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలెక్స్ రోడ్రిగెజ్ పరుగెత్తుతూ పిచర్ బ్రాన్సన్ ఆరోయో చేతిలోని బంతిని కొట్టి పడగొట్టాడు. ఆ నిర్ణయమూ చర్చించాక మారింది, రోడ్రిగెజ్ అవుట్. రెండు నిర్ణయాలూ సరైనవే. ప్రేక్షకులు మాత్రం మైదానంలోకి వస్తువులు విసిరారు, ఫ్రాంకోనా కాసేపు ఆటగాళ్లను వెనక్కి పిలిచాడు, హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు గీతల పక్కన బారులు తీరారు. ఓడిపోతున్నామనే కోపానికి, నిర్ణయం తమకు అనుకూలంగా వచ్చి మళ్లీ చేజారిందనే కోపం తోడైంది.

గెలిచిన ఊళ్లోనూ అంతా సవ్యంగా లేదు. ఏడో మ్యాచ్ గెలిచిన రాత్రి ఫెన్‌వే చుట్టూ పోగైన జనాన్ని చెదరగొట్టడానికి పోలీసులు మిరియాల గుళికలు పేల్చే తుపాకులు వాడారు. కంటికి తగిలి 21 ఏళ్ల విద్యార్థిని చనిపోయింది. బోస్టన్ నగరం ఆ కుటుంబానికి 50 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇచ్చింది. ఆ గెలుపు గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి దాటేయకూడదు.

పరిశోధన ఏం చెబుతోంది

మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం 1976లోనే అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఒక సంగతి గమనించింది. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచాక విద్యార్థులు ‘మేం గెలిచాం’ అంటారు, ఓడితే ‘వాళ్లు ఓడారు’ అంటారు. మన దగ్గర సినిమా విడుదల రోజున హీరోల అభిమానుల మాటలు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు.

ప్రత్యర్థుల విషయంలో ఇంకో మెట్టు ఉంది. ప్రిన్స్‌టన్‌కు చెందిన మీనా సికారా, మాథ్యూ బాట్వినిక్, సూసన్ ఫిస్క్ 2011లో సరిగ్గా ఈ రెండు జట్ల అభిమానుల మీదే ప్రయోగం చేశారు. స్కానర్‌లో పడుకోబెట్టి ఆట దృశ్యాలు చూపించారు. తమ జట్టు గెలిచినప్పుడే కాదు, ప్రత్యర్థి జట్టు సంబంధం లేని మూడో జట్టు చేతిలో దెబ్బతిన్నప్పుడూ మెదడులో సంతోషానికి స్పందించే భాగం చురుకైంది. ఆ స్పందన బలంగా ఉన్నవాళ్లే అవతలి అభిమానులను వేధించడానికో కొట్టడానికో తాము వెనకాడకపోవచ్చని ఎక్కువగా చెప్పారు.

చివరి ఇన్నింగ్స్ మలుపులు ఎక్కువ నొప్పి కలిగించడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. మొదటి ఇన్నింగ్స్‌లో పది రన్‌లు పోతే అభిమాని మూడు గంటల్లో మెల్లగా ఓటమికి అలవాటు పడతాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు మూడు అవుట్ల దూరంలో ఉన్నవాడు అప్పటికే మనసులో గెలిచేశాడు, కొన్నిసార్లు ఎదుటివాణ్ని ఎగతాళి కూడా చేసేశాడు. గెలుపుతోపాటు అన్న మాటనూ వెనక్కి తీసుకోవాలి.

2005 ఏప్రిల్‌లో రెండు జట్లు మళ్లీ తలపడ్డాయి. న్యూయార్క్‌లో వరుసగా రెండు మ్యాచ్‌ల్లో రివెరా ఆధిక్యం కాపాడలేకపోయాడు. రెండో రోజు సొంత అభిమానుల్లోనే కొందరు హేళనగా అరిచారు. ఏప్రిల్ 11న యాంకీస్ ఫెన్‌వేకు వచ్చింది. రెడ్ సాక్స్ ఛాంపియన్‌షిప్ ఉంగరాలు అందుకున్న రోజు అది. మ్యాచ్‌కు ముందు ఆటగాళ్ల పేర్లు చదువుతుంటే యాంకీస్ పేర్లకు మామూలు వెక్కిరింతలే వచ్చాయి. రివెరా పేరు వచ్చేసరికి మాత్రం స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయనకు అర్థమైంది. నవ్వాపుకోలేక టోపీ తీసి వాళ్లకు చూపించాడు.